కొడుకు ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ ఆడుతున్నాడు: ఆపమని చెప్పాలా?

ప్రశ్న: మర్రిగూడ ప్రాంతం నుంచి ఒక బత్తాయి రైతు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెల్లడించవద్దని కోరినందువల్ల కొంత కుదించి ఇస్తున్నాం. ఆయన పెద్ద కుమారుడికి ఇరవై మూడేళ్లు. హైదరాబాద్‌లో బీటెక్ ముగించి, ఈ ఏడాది జనవరిలో ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ పట్టణానికి వెళ్లాడు. ఫీజు కోసం బ్యాంకులో విద్యారుణం తీసుకున్నారు. అది చాలక తోట కాగితాలు కుదువబెట్టి మరికొంత తెచ్చారు. వారాంతాల్లో ఒక గోదాములో పని చేస్తూ ఆ అబ్బాయి తన ఖర్చులు తానే వెళ్లదీసుకోవడమే కాక, వడ్డీకి కొంత పంపుతూ వచ్చాడు. మే నెల నుంచి ఆ డబ్బు తగ్గింది. గట్టిగా అడిగితే, శనివారాలు పని మానుకొని రగ్బీ లీగ్ అనే ఆట ఆడుతున్నానని, జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడిన అనుభవం చూసి అక్కడి క్లబ్బువాళ్లు చేర్చుకున్నారని చెప్పి ఒక వీడియో పంపాడు. నలుగురు భారీ మనుషులు తన కొడుకును ఎత్తి నేలకేయడం చూసిన తల్లికి అప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. “మేము ఇక్కడ కాయలమ్మి వడ్డీ కడుతుంటే వాడు అక్కడ దొరల ఆటలు ఆడుతున్నాడు” అని తండ్రి రాశారు. వారిది ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరు. తాత నడుము వంగిపోయే పోయాడు, పెద్దబ్బాయి పళ్ల మీద ఇప్పటికీ గార చారలు ఉన్నాయి. అలాంటి ఎముకలతో ఈ ఆట ఏమిటన్నది ఆయన మరో భయం. ఇది చాలదన్నట్టు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న చిన్న కొడుకు అన్న వీడియోలు చూసి స్నేహితులతో కలిసి వరి కోసిన మడిలో అదే ఆట మొదలుపెట్టాడు. కబడ్డీ మానేసి ఇదే ఆడతానంటున్నాడు. అసలు ఈ ఆట ఏమిటి, దీనితో బతుకుదెరువు ఉందా, పెద్దవాడిని ఆపమని ఆజ్ఞాపించాలా, చిన్నవాడికి ఏం చెప్పాలి అని ఆయన అడుగుతున్నారు.

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట ‘దొరల ఆట’. ముందుగా దాని గురించే రాస్తాను. మీ కోపంలో సగం ఆ మాటలోనే ఉంది. కానీ మీ అబ్బాయి ఆడుతున్నది దొరల ఆట కాదు, దొరలతో తెగతెంపులు చేసుకొని వచ్చినవాళ్ల ఆట. అది పుట్టింది కూడా మీ అబ్బాయి ఇప్పుడు ఉంటున్న పట్టణంలోనే.

పందొమ్మిదో శతాబ్దం చివరలో ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతాల్లో రగ్బీ ఆడేవారిలో చాలామంది బొగ్గు గనుల్లో, నూలు, ఉన్ని మిల్లుల్లో పనిచేసే కార్మికులు. వాళ్లకు శనివారం కూడా పనిదినమే. మ్యాచ్ కోసం, ముఖ్యంగా దూరపు ఊరికి ప్రయాణం కోసం, ఆ రోజు పని మానుకుంటే ఆ రోజు కూలి పోయేది. పోయిన కూలి మేరకైనా క్లబ్బులు చెల్లించేందుకు అనుమతి ఇవ్వాలని ఉత్తరాదిలోని యార్క్‌షైర్ ప్రతినిధులు 1893లో లండన్‌లో జరిగిన, రగ్బీని నడిపే సంస్థ సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టారు. 282 ఓట్లు వ్యతిరేకంగా, 136 ఓట్లు అనుకూలంగా పడి అది వీగిపోయింది. ఆటకు డబ్బు ముట్టుకోవడం మర్యాద కాదన్నది, ఆడినా ఆడకపోయినా ఇల్లు గడిచే వర్గం వాదన. రెండేళ్ల తర్వాత, 1895 ఆగస్టు 29న, హడర్స్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్ దగ్గరి జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు ఇరవైకి పైగా సమావేశమై, పాత సంస్థ నుంచి విడిపోయి ‘నార్తర్న్ యూనియన్’ పెట్టుకున్నాయి. రోజుకు ఆరు షిల్లింగుల వరకు పోయిన కూలి ఇవ్వవచ్చని నిర్ణయించుకున్నాయి. ఆ చీలిక నుంచి పెరిగిందే రగ్బీ లీగ్. ఇంగ్లండ్‌లో సంస్థకు ఆ పేరు 1922లో వచ్చింది. పాత సంస్థ నడిపే రకాన్ని రగ్బీ యూనియన్ అంటారు. ఆ యూనియన్ ఆటగాళ్లకు బహిరంగంగా డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నది 1995లో, అంటే సరిగ్గా నూరేళ్ల తర్వాత.

ఆస్ట్రేలియాలో ఈ ఆట మొదలైన తీరు కూడా మీరు తెలుసుకోవలసిందే. 1907లో సిడ్నీలో అలెక్ బర్డన్ అనే ఆటగాడు గాయపడి పనికి పోలేకపోయినప్పుడు అక్కడి రగ్బీ యూనియన్ సంస్థ నుంచి పరిహారం అందలేదు. అక్కడి ఆటగాళ్లు కొత్త సంస్థ పెట్టుకోవడానికి చెప్పే కారణాల్లో అదొకటి. 1908 నుంచి సిడ్నీలో పోటీలు మొదలయ్యాయి. ఈ రోజు ఆస్ట్రేలియా తూర్పు రాష్ట్రాల్లోనూ, పాపువా న్యూ గినీలోనూ ప్రజలు నెత్తిన పెట్టుకునే ఆట ఇది.

ఇంత చరిత్ర చెప్పడంలో నా ఉద్దేశం మీ అబ్బాయిని వెనకేసుకు రావడం కాదు. శనివారం ఆడితే శనివారం కూలి ఎవరిస్తారని మీరు అడుగుతున్న ప్రశ్న తప్పు ప్రశ్న కాదు, పిసినారి ప్రశ్న అంతకన్నా కాదు. ఈ ఆట పుట్టిందే ఆ ప్రశ్న మీద. ఇంకొక విషయం చూడండి: 1898లో ఆటకు డబ్బు ఇవ్వడాన్ని పూర్తిగా ఒప్పుకున్నప్పుడు కూడా, ఆటగాడు తప్పనిసరిగా మరో పని చేసుకుంటూ ఉండాలని నార్తర్న్ యూనియన్ నిబంధన పెట్టింది; పని లేనివాడిని ఆడనివ్వలేదు. కొన్నేళ్లకు ఆ నిబంధనను తీసేశారు గాని, ఆ మనుషులు ఆటనూ జీవనాధారాన్నీ ఒకే చేతిలో పట్టుకొని ఆలోచించారన్నది వాస్తవం. మీ తండ్రీకొడుకులు కూడా అలాగే కూర్చొని మాట్లాడుకోవాలి. ‘దొరల ఆటలు’ అని మీరు అన్నంత కాలం ఆ మాటలు మొదలు కావు.

ఇక ఆట సంగతి. ఈ భాగాన్ని మీ ఇంటావిడకు చదివి వినిపించండి. వీడియోలో ఆమెకు దాడిలా కనిపించినదానికి కచ్చితమైన హద్దులు ఉన్నాయి. జట్టుకు పదమూడు మంది. మైదానం వంద మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. నలభై నిమిషాల చొప్పున రెండు భాగాలు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తి, ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. దానికి నాలుగు పాయింట్లు. ఆ తర్వాత బంతిని తన్ని అడ్డకర్ర మీదుగా రెండు నిలువు స్తంభాల మధ్య నుంచి పంపితే మరో రెండు. పెనాల్టీ గోలుకు రెండు, ఆట సాగుతుండగా బంతిని నేలకు తాకించి తన్నే డ్రాప్ గోలుకు సాధారణంగా ఒకటి. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. అందుకే ముందుకు పోవాలంటే ఎవడో ఒకడు బంతిని పొట్టకు హత్తుకొని ఎదుటి వరుసలోకి దూసుకుపోవలసిందే.

అలా పోయినవాణ్ని ఎదుటివాళ్లు పట్టి ఆపడాన్ని ట్యాకిల్ అంటారు. కబడ్డీ చూసిన మీకు ఇది సులువుగానే అర్థమవుతుంది: కూతకు వచ్చినవాణ్ని పట్టుకోవడం లాంటిదే, అయితే ఇక్కడ వచ్చినవాడి చేతిలో బంతి ఉంటుంది. చేతిలో బంతి లేనివాణ్ని పట్టుకోవడం తప్పు. మెడ మీదికి, తల మీదికి చెయ్యి పోతే తప్పు. కాలు అడ్డం పెట్టి పడేయడం తప్పు. మనిషిని పైకెత్తి తలకిందులుగా నేలకు దించడం మరీ పెద్ద తప్పు. దానికి మైదానం నుంచి బయటకు పంపేయవచ్చు. ట్యాకిల్ పూర్తయిందని రెఫరీ చెప్పగానే పట్టినవాళ్లు వదిలేయాలి. కింద పడినవాడు లేచి, ప్రత్యర్థి గీత వైపు తిరిగి నిలబడి, బంతిని కాళ్ల ముందు నేల మీద పెట్టి పాదంతో వెనక్కి దొర్లిస్తాడు. వెనక ఉన్న తోటి ఆటగాడు అందుకుంటాడు. ఆ లోపల, ఎదురుగా నిలబడే ఒకరిద్దరు తప్ప ప్రత్యర్థి జట్టు మొత్తం పది మీటర్లు వెనక్కి పోవాలి. ఇలా ఒక జట్టుకు ఆరు ట్యాకిళ్ల వరకే అవకాశం. ఆరోసారి కూడా పట్టుబడితే బంతిని ఎదుటి జట్టుకు అప్పగించాలి. అందుకే ఐదో ట్యాకిల్ అయ్యాక సాధారణంగా బంతిని దూరంగా తన్నేస్తారు. ఒకప్పుడు ఈ పరిమితి లేక ఒకే జట్టు ఎంతసేపైనా బంతిని అట్టిపెట్టుకునే వీలుండేది. 1966లో నాలుగు ట్యాకిళ్ల హద్దు పెట్టి, తర్వాతి దశాబ్దపు ఆరంభంలో దాన్ని ఆరుకు పెంచారు. అంతకుముందే, 1906లో, జట్టులో పదిహేను మందిని పదమూడుకు తగ్గించారు. యూనియన్ రగ్బీలో కనిపించే గుంపు తోపులాటలు ఇందులో అంతగా ఉండవు. పరుగు, పట్టు, మళ్లీ పరుగు, ఇదే ఆట. నాకు ఈ ఆట మీద గౌరవం కలగడానికి కారణం కూడా ఆ సూటితనమే.

అయితే హద్దులు ఉన్నాయంటే ప్రమాదం లేదని కాదు. ఈ విషయంలో మీ ఇంటావిడ భయాన్ని నేను కొట్టిపారేయను. కబడ్డీ కోర్టు పదమూడు మీటర్ల పొడవు; అక్కడ మనిషికి వేగం పుంజుకునే చోటు ఉండదు. ఇక్కడ రెండు జట్ల మధ్య పది మీటర్ల ఖాళీ ఉంటుంది, ఇద్దరూ ఎదురెదురుగా పరుగెత్తుకొస్తారు. ఆ వేగంలో మోకాలు, భుజం, అన్నిటికంటే ముఖ్యంగా తల దెబ్బతినే అవకాశం ఉంది. కబడ్డీ నుంచి వచ్చినవాడికి మరో ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన పిల్లలు కూతగాడి చీలమండ మీదికి నేరుగా దూకి పట్టడం అలవాటు చేసుకుంటారు. అప్పుడు తల ఎక్కడ ఉందన్నది ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే కూతగాడు పూర్తి వేగంతో రాడు. రగ్బీ లీగ్‌లో అలా దూకితే ఎదుటివాడి మోకాలు నేరుగా కణతకు తగులుతుంది. అక్కడ కోచ్‌లు నేర్పేది వేరు: ఎదుటివాడి తొడకు భుజం ఆనించాలి, తల అతని శరీరానికి పక్కన లేదా వెనక వైపు ఉండాలి, ఎప్పుడూ ముందు ఉండకూడదు, కళ్లు తెరిచే ఉంచాలి. మీ అబ్బాయిని ఫోనులో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: “ట్యాకిల్ చేసేటప్పుడు నీ తల ఎక్కడ పెడుతున్నావు?” కబడ్డీలో బాగా ఆడినవాడన్న నమ్మకంతో ఈ శిక్షణ పూర్తి కాకుండానే మ్యాచ్‌లో దింపి ఉంటే, అది క్లబ్బు తొందరపాటు; అలాంటప్పుడు తాను ఇంకా సిద్ధంగా లేనని మీ అబ్బాయే చెప్పాలి.

తల అదిరిపోయేలా తగిలే దెబ్బను కన్‌కషన్ అంటారు. స్పృహ తప్పకపోయినా కన్‌కషన్ అయి ఉండవచ్చు. అనుమానం వస్తే ఆటగాణ్ని వెంటనే బయటకు తీసుకురావాలని, ఆ రోజు మళ్లీ దింపకూడదని బ్రిటన్ ప్రభుత్వం 2023లో అమెచ్యూర్ ఆటలన్నిటికీ, అంటే జీతానికి కాక సరదాకు ఆడేవాటికి, మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం దెబ్బ తగిలిన నాటి నుంచి కనీసం 21 రోజుల వరకు మ్యాచ్ ఆడరాదు. అది కూడా అంతకు ముందు 14 రోజులు తలనొప్పి వంటి లక్షణాలేవీ లేకుండా ఉంటేనే. ఇందులో మీ కుటుంబానికి సంబంధించిన విషయం ఒకటుంది. మీ అబ్బాయితో పాటు అదే ఇంట్లో మన పిల్లలే మరికొందరు ఉంటున్నారని రాశారు. వాంతులు, ఎక్కువవుతున్న తలనొప్పి, మాట తడబడటం, లేపినా లేవనంత మగత కనిపిస్తే వెంటనే అక్కడి అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయాలని ఆ పిల్లలకు తెలిసి ఉండాలి. కొడుకు ఆడుతున్న సంగతి ఇంట్లో తెలిసి ఉంటేనే ఇలాంటి మాట చెప్పి ఉంచగలరు. అతను దాచి ఆడితే అది సాధ్యం కాదు.

ఎముకల గురించి మీరు పడుతున్న భయం మన ప్రాంతానికే చెందినది. దాన్ని అక్కడి కోచ్ ఊహించలేడు. ఫ్లోరైడ్ ఎక్కువైన ఎముక చూడటానికి గట్టిగా, దట్టంగా ఉంటుంది గాని పెళుసుబారుతుంది. కీళ్లు, కండరపు బంధాలు బిగుసుకుపోతాయి. అయితే పళ్ల మీద గార చారలు ఉన్నంత మాత్రాన ఎముకలు కూడా దెబ్బతిన్నాయని చెప్పలేం. చారలు పళ్లు ఏర్పడే వయసులో తాగిన నీటి వల్ల వచ్చేవి. ఎముకల జబ్బు ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో తాగితే వచ్చేది. మీ ఊరికి భగీరథ నీళ్లు వచ్చేనాటికి మీ అబ్బాయి ఇంకా బడి పిల్లవాడే కాబట్టి, మీ తండ్రిగారంత కాలం అతను బోరు నీళ్లు తాగలేదు. అయినా ఇది ఊహతో తేల్చుకునే విషయం కాదు. అక్కడ తనకు కేటాయించిన ప్రభుత్వ వైద్యుని దగ్గరకు వెళ్లి, ఫ్లోరైడ్ ప్రాంతంలో పుట్టి పెరిగానని, తాతకు ఎముకల జబ్బు ఉండేదని, ఇప్పుడు ఢీకొట్టుకునే ఆట ఆడుతున్నానని స్పష్టంగా చెప్పి సలహా తీసుకోవాలి. వీసా కోసం ఆరోగ్య రుసుము ముందే కట్టి ఉంటారు కాబట్టి, ఆ సలహాకు విడిగా ఖర్చు ఉండదు. నడుములోగాని, మోకాళ్లలోగాని ఇప్పటికే బిగువు, నొప్పి ఉంటే, వైద్యుడు చూసి చెప్పేవరకు ట్యాకిల్ ఆట ఆపడమే మంచిది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను బేరానికి చోటు ఇవ్వను.

మీరు అడగని, కాని అన్నిటికంటే తొందరగా చూసుకోవలసిన సంగతి వీసా. విద్యార్థి వీసా మీద ఉన్నవారు వృత్తి క్రీడాకారులుగా ఆడకూడదు. వృత్తి, అర్ధవృత్తి స్థాయిలో ఆడటం గాని, శిక్షణ ఇవ్వడం గాని, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా నిబంధనలకు విరుద్ధమే; ప్రతిఫలం వస్తు రూపంలో ఇచ్చినా అంతే. కేవలం ఆనందం కోసం అమెచ్యూర్‌గా ఆడటానికి అభ్యంతరం లేదు. కనుక, శనివారం పోతున్న కూలి మేరకు క్లబ్బు ఏమైనా ఇస్తానంటే, 1895లో కార్మికులు పోరాడి సాధించుకున్నది అదే అయినా, మీ అబ్బాయి మాత్రం తీసుకోకూడదు. గెలిచిన రోజు చేతిలో పెట్టే చిన్న మొత్తం కూడా వద్దు. ఇది అతనికి ఇప్పటికే తెలిసి ఉండవచ్చు; అయినా మీ నోటితో అడగండి, క్లబ్బు ఏ స్థాయిలో ఆడుతోందో రాసి పంపమనండి, అనుమానం ఉంటే విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించమనండి. చదువు కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదన్న హద్దు కూడా ఇక్కడే గుర్తు చేయాలి. శనివారం పోయిన గంటలను మరో వారంలో కలిపి పూడ్చుకోవడానికి కుదరదు. మాస్టర్స్ విద్యార్థులకు డిసర్టేషన్ (చదువు చివర రాసే పరిశోధన వ్యాసం) రాసే నెలలు సెలవులుగా లెక్కకు రావు కాబట్టి అప్పుడూ ఇదే హద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఆపెయ్యమని ఆజ్ఞాపించవచ్చు. అప్పు మీ పేరున ఉంది, తోట మీది. అడిగే హక్కు మీకు లేదని ఎవరూ అనరు. కాని దేశం కాని దేశంలో ఒంటరిగా ఉన్న ఇరవై మూడేళ్ల కొడుకు ఆ మాట విని పూర్తిగా మానేయవచ్చు, లేదా మీకు చెప్పడం మానేయవచ్చు. రెండోది జరిగితే డబ్బూ రాదు, దెబ్బ తగిలిన సంగతీ తెలియదు. మొదటిదే జరిగినా, వారమంతా తరగతి, గోదాము తప్ప మరొకటి లేని పిల్లవాడికి ఆ పదమూడు మంది స్నేహం ఎంత అవసరమో మీరు ఆలోచించాలి. ఆపమనే చెప్పదలిస్తే, ఆట చెడ్డదని చెప్పకండి. వడ్డీ ఎంత పెరుగుతోందో కాగితం మీద లెక్క వేసి పంపి, ఈ కారణం వల్ల ఆరు నెలలు ఆపమంటున్నానని చెప్పండి. అది అతను గౌరవించగల మాట అవుతుంది.

ఇప్పుడున్నట్టే క్లబ్బులో కొనసాగనివ్వడం ఇంకొక దారి. అప్పుడు ఖర్చు దాచకుండా లెక్క వేసుకోవాలి. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన కనీస వేతనం 21 ఏళ్లు నిండినవారికి గంటకు 12.21 పౌండ్లు ఉండేది; ఆ లెక్కన ఎనిమిది గంటల షిఫ్టు పోతే దాదాపు వంద పౌండ్లు, మన లెక్కలో పది వేల రూపాయలకు పైనే. నెలలో నాలుగు శనివారాలూ పోతే మీకు వచ్చే వడ్డీ సొమ్ము ఎక్కడికి పోయిందో అర్థమవుతుంది. అయితే నాలుగూ పోవాలని లేదు. మ్యాచ్ మధ్యాహ్నం ఉంటే ఉదయం షిఫ్టు దొరుకుతుందేమో, ఆదివారానికి మార్చుకోగలడేమో, సొంత ఊళ్లో జరిగే మ్యాచ్‌లకే పరిమితం కాగలడేమో అడగండి. అక్కడి అమెచ్యూర్ క్లబ్బులు చాలావరకు వసంతం నుంచి శరత్తు వరకు ఆడతాయి కాబట్టి ఈ సర్దుబాటు మరికొన్ని వారాల మాటే. క్లబ్బులో తన పేరు నమోదైందా, గాయాలకు బీమా ఉందా, ఉంటే పోయిన కూలికి కూడా వర్తిస్తుందా అన్నది కాగితం చూసి తెలుసుకోవాలి. సాధారణంగా అమెచ్యూర్ ఆటలో విరిగిన కాలుకు వైద్యం దొరుకుతుంది గాని, కాలు విరిగి పనికి పోలేని వారాలకు కూలి దొరకదు. మీ వంటి కుటుంబానికి అసలు ప్రమాదం అక్కడే ఉంది.

నాకు ఎక్కువ నచ్చిన దారి మరొకటి. ఇంగ్లండ్‌లో విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీల్లో రగ్బీ లీగ్ కూడా ఉంది. ఆ మ్యాచ్‌లు సాధారణంగా బుధవారం మధ్యాహ్నాలు జరుగుతాయి, అక్టోబరులో మొదలవుతాయి. తన విశ్వవిద్యాలయంలో ఆ జట్టు ఉంటే, క్లబ్బు సీజను ముగిశాక అందులోకి మారమనండి. శనివారం కూలి శనివారమే వస్తుంది, ఆటా పోదు. ఇందులో ఇబ్బంది లేకపోలేదు: చదువు చివరి నెలలు అవే కాబట్టి డిసర్టేషన్ వెనకబడవచ్చు, బుధవారం తరగతి ఉంటే కుదరకపోవచ్చు, పట్టణపు క్లబ్బులో ఏర్పడిన స్నేహాలు వదులుకోవలసి రావచ్చు. వైద్యుడు ట్యాకిల్ వద్దంటే, నడుముకు రెండు వైపులా కట్టుకున్న గుడ్డపట్టీని లాగితే పట్టుకున్నట్టు లెక్కవేసే ట్యాగ్ రకం ఉంది. ఆడా మగా కలిసి ఆడే జట్లు కూడా ఉంటాయి. జిల్లా కబడ్డీ ఆడినవాడికి అది మొదట్లో చప్పగా అనిపిస్తుంది, నిజమే. పరుగు, పాస్, స్నేహం మాత్రం అందులోనూ అవే.

బతుకుదెరువు ఉందా అని అడిగారు. ఉన్నమాట చెబుతాను: మీ పెద్దబ్బాయికి లేదు. ఇంగ్లండ్‌లో సూపర్ లీగ్, ఆస్ట్రేలియాలో ఎన్‌ఆర్‌ఎల్ వంటి పోటీల్లో జీతానికి ఆడేవాళ్లు చిన్ననాటి నుంచి ఆ ఆటలోనే పెరుగుతారు. ఇరవై మూడేళ్లకు మొదలుపెట్టినవాడు, అందులోనూ వీసా ఆ దారిని మూసేసినవాడు, దీన్ని ఆటగానే చూడాలి. ఈ మాట అతనికి కూడా తెలుసని నా నమ్మకం. మీ మీద కోపంతో తప్ప అతను దీన్ని ఉద్యోగం అని చెప్పుకోడు.

చిన్నవాడి విషయం వేరు. అతనికి ఇంకా ముందు చాలా ఉంది, అందుకే అతని నిర్ణయం ఎక్కువ జాగ్రత్తగా తీసుకోవాలి. మన దేశంలో గుర్తింపు ఉన్న సమాఖ్య రగ్బీ ఇండియా; అది నడిపేది యూనియన్ రకం, ప్రధానంగా ఏడుగురు ఆడే ఆట. ఒలింపిక్స్‌లో 2016 నుంచి ఉన్నది ఆ ఏడుగురి ఆటే. 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఆడింది; పేరులో లీగ్ ఉన్నా అది కూడా ఏడుగురి రగ్బీయే, అన్న ఆడే పదమూడు మంది ఆట కాదు. కాబట్టి రగ్బీ లీగ్ కోసం కబడ్డీ మానేస్తే, క్రీడా కోటాలో పనికొచ్చే సర్టిఫికెట్ ఒకటి చేజారుతుంది, దాని స్థానంలో మరొకటి రాదు. కబడ్డీ 1990 నుంచి ఆసియా క్రీడల్లో ఉంది; మన జిల్లాల్లో కోచ్‌లు ఉన్నారు, పోటీలు ఉన్నాయి, కోర్టు ఉంది. రగ్బీ మీద అతనికి నిజంగా మనసు ఉంటే, ఇంటర్ పరీక్షలు అయ్యాక హైదరాబాద్‌లో ఏడుగురి రగ్బీ శిక్షణ ఎక్కడ దొరుకుతుందో మీ జిల్లా క్రీడాధికారి కార్యాలయంలో విచారించి, కబడ్డీ వదలకుండానే కొన్నాళ్లు ఆడి చూడవచ్చు. కబడ్డీ పట్టు అక్కడ కలిసొస్తుంది. తల పెట్టే చోటు మాత్రం కొత్తగా నేర్చుకోవాలి.

మీ మడిలో ఆ పిల్లలు ఆడుతున్న ఆటను మాత్రం ఈ వారమే మార్పించండి. రగ్బీ లీగ్ పచ్చిక మీద ఆడే ఆట. ఎండిన మడిలో వరి కొయ్యలు పొడుచుకుంటాయి, బీటలువారిన నేలలో కాలు ఇరుక్కుంటే చీలమండ తిరుగుతుంది. చెలకలో ఆడదామంటే ఎర్రమట్టి కింద గులకరాళ్లు ఉంటాయి, భుజం మీద పడితే భుజం నిలవదు. కోచ్ లేకుండా ఒకరినొకరు పడేసుకోవడం ఏ నేల మీదైనా వద్దు. పాత తువ్వాలను మూరెడు పట్టీలుగా చింపి మొలతాడుకు అటొకటి ఇటొకటి దోపుకోమనండి. పట్టీ లాగితే ట్యాకిల్ అయినట్టే. ఆరుసార్లు పట్టీ పోతే బంతి అవతలి జట్టుకు ఇచ్చెయ్యాలి, బంతిని వెనక్కి మాత్రమే అందించాలి, పట్టీ పోయిన ప్రతిసారీ అవతలివాళ్లు పది అడుగులు వెనక్కి పోవాలి. పొద్దు వాలాక, కోసిన మడిలో కాకుండా బడి మైదానంలో, హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకొని ఆడుకోమని చెప్పండి.